కన్స్యూమర్ కోర్టు మీద అపోహలు – వాస్తవాలు

కొత్త ఫ్రిజ్ నెలకే మూలపడి, అమ్మినవాడు మొహం చాటేసినా చాలామంది ‘ఈమాత్రం దానికి కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారు’ అని ఊరుకుంటారు. జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నదే ఈమాత్రం గొడవల కోసం.

అపోహ: లాయరు లేకపోతే కేసు నిలవదు.
ఫిర్యాదు మీరే రాసుకోవచ్చు, మీరే వాదించుకోవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల వరకు ఉంటే కమిషన్‌కు ఫీజే కట్టక్కర్లేదు.

అపోహ: కంపెనీ ఉన్న ఊరికే వెళ్లాలి.
2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక ఆ అవసరం పోయింది. ముంబై కంపెనీ మీద ఖమ్మంలో ఉంటున్నవారు ఖమ్మంలోనే కేసు వేయవచ్చు. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు.

అపోహ: ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు మీద ఉంటే చేసేదేం లేదు.
లోపమున్న వస్తువు విషయంలో ఆ మాట చెల్లదు. బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడాన్ని చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా చూస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. అలాంటప్పుడు యూపీఐ చెల్లింపు వివరాలు, వాట్సాప్ సందేశాలు భద్రంగా దాచుకోండి. రంగు నచ్చలేదని మనసు మార్చుకుంటే మాత్రం అది లోపం కిందికి రాదు.

అపోహ: వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే కేసు వేసినట్టే.
నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఆ హెల్ప్‌లైన్ మీ ఫిర్యాదును కంపెనీకి పంపి, రాజీకి ప్రయత్నిస్తుంది. చాలాసార్లు పని అక్కడే తేలిపోతుంది కూడా. కానీ డబ్బు కట్టమని ఆదేశించే అధికారం దానికి లేదు. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు కమిషన్‌లో కేసు పడాలి. ‘చూస్తున్నాం, చేస్తున్నాం’ అనే కంపెనీ జవాబుల కోసం ఎదురుచూస్తే ఆ గడువు ఆగదు. గడువు దాటితే ఆలస్యానికి బలమైన కారణం చూపి ఒప్పించాలి.

అపోహ: గెలిచినా డబ్బు చేతికి రాదు.
ఆలస్యం మాట నిజమే. మూడు నెలల్లో, వస్తువును ల్యాబుకు పంపాల్సి వస్తే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతున్నా వాయిదాలు సాగుతూనే ఉంటాయి. తీర్పు మాత్రం ఉత్త కాగితం కాదు. రాష్ట్ర కమిషన్‌కు అప్పీలుకు వెళ్లాలంటే కంపెనీ ముందు సగం సొమ్ము జమ చేయాలి. ఆదేశాన్ని పాటించకపోతే నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25 వేల నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇవేవీ వాటంతటవే జరగవు. చెప్పిన గడువుకు డబ్బు రాకపోతే అదే కమిషన్‌లో అమలు పిటిషన్ వేయాలి.