అమెరికా కళాశాలల ఫీల్డ్ హాకీ శిక్షకురాలు: వృత్తి పరిణామం – పరిశీలన

1. ప్రస్తావన

భారతీయులకు హాకీ అనగానే ధ్యాన్‌చంద్ గుర్తుకు వస్తాడు. అమెరికాలో హాకీ అంటే మంచుపై ఆడే ఆట. నేలపై ఆడే ఆటను అక్కడ ఫీల్డ్ హాకీ అని వేరుగా పిలుస్తారు. కళాశాలల స్థాయిలో అది ప్రధానంగా స్త్రీల ఆట. దానికి శిక్షణ ఇవ్వడం ఒక ప్రత్యేక వృత్తిగా ఎలా రూపొందిందో, ఆ వృత్తిలోకి ప్రవేశించే మార్గం ఎలా మారిందో ముగ్గురు శిక్షకురాళ్ల ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. వ్యాయామోపాధ్యాయిని దశ

ఈ వృత్తికి ఆద్యురాలు ఆంగ్ల వనిత కాన్‌స్టన్స్ యాపిల్‌బీ. ఆమె 1901లో హార్వర్డ్ వేసవి తరగతులకు వచ్చి, తోటి విద్యార్థులకు ఈ ఆటను ఆడి చూపింది. ఆ తరువాత వాసర్, స్మిత్, వెల్స్లీ మొదలైన మహిళా కళాశాలలకు వెళ్లి నేర్పింది. 1904లో బ్రిన్ మార్ కళాశాలలో చేరింది. అక్కడ ఆమె బాధ్యత విద్యార్థినుల వ్యాయామ విద్య. హాకీ అందులో ఒక భాగం. నాటి శిక్షకురాలు మొదట ఉపాధ్యాయిని. జట్టు గెలుపోటములపై ఆమె ఉద్యోగం ఆధారపడలేదు.

3. చట్టం తెచ్చిన మార్పు

1972లో వచ్చిన 'టైటిల్ 9' చట్టం, కేంద్ర ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థలలో లింగవివక్షను నిషేధించింది. ఫలితంగా స్త్రీల జట్లకు నిధులు, క్రీడా ఉపకారవేతనాలు పెరిగాయి. 1981లో ఎన్‌సీఏఏ స్త్రీల ఫీల్డ్ హాకీ జాతీయ పోటీలను ప్రారంభించింది. శిక్షణ క్రమంగా పూర్తికాల ఉద్యోగమైంది.

ఈ ప్రగతికి మరో పార్శ్వం ఉంది. 1972 నాటికి కళాశాలల స్త్రీల జట్లలో 90 శాతానికి పైగా జట్లకు స్త్రీలే శిక్షకులు. జీతం, గౌరవం పెరిగిన కొద్దీ పురుషులు కూడా ఈ ఉద్యోగాలకు పోటీపడ్డారు. అన్ని ఆటలనూ కలిపి చూస్తే నేడు స్త్రీ శిక్షకుల వాటా సగానికి లోపే. ఫీల్డ్ హాకీలో మాత్రం ఇప్పటికీ స్త్రీలదే ఆధిక్యం. కాబట్టి క్రీడాకారిణి శిక్షకురాలిగా ఎదిగే మార్గం ఈ ఆటలో నిలిచి ఉండటం గమనార్హం.

4. సోపానాలు – ఒక మినహాయింపు

సాధారణంగా కళాశాల జట్టులో ఆడిన యువతి మొదట సహాయ శిక్షకురాలిగా చేరుతుంది. ప్రతిభగల ఉన్నత పాఠశాల బాలికలను గుర్తించి కళాశాలకు రప్పించడం, ఆటల దృశ్యాలను విశ్లేషించడం, ప్రయాణాల ఏర్పాట్లు చూడటం అక్కడే నేర్చుకుంటుంది. కొన్నేళ్ల అనుభవం తరువాత ప్రధాన శిక్షకురాలి పదవికి ప్రయత్నిస్తుంది. క్రీడా ఉపకారవేతనాలు లేని మూడవ శ్రేణి కళాశాలలలో శిక్షకురాలికి ఇతర బాధ్యతలు కూడా ఉండవచ్చు.

కారెన్ షెల్టన్ 1981లో, 23 ఏళ్ల వయసులో, నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయ జట్టు బాధ్యత స్వీకరించింది. శిక్షణ ఇస్తూనే జాతీయ జట్టులో ఆడి 1984 ఒలింపిక్స్‌లో కాంస్యం సాధించింది. 2022లో పదవీ విరమణ ప్రకటించే నాటికి ఆమె ఖాతాలో 42 సీజన్లు, 745 విజయాలు, 10 జాతీయ బిరుదులు ఉన్నాయి. ఆమె శిష్యురాలు ఎరిన్ మాట్సన్ క్రీడాకారిణిగా 4 బిరుదులు గెలిచి, 2023 జనవరిలో 22 ఏళ్లకే అదే పదవి చేపట్టింది. నిన్నటి సహచరులే ఆమెకు శిష్యులయ్యారు. ఆ ఏడాది నవంబరులో జట్టు మళ్లీ జాతీయ విజేతగా నిలిచింది.

దీన్నిబట్టి సహాయ శిక్షకురాలి దశ అనవసరమని తేల్చలేం. షెల్టన్ చేరేనాటికి ఎన్‌సీఏఏ పోటీలే కొత్త. వృత్తితోపాటు ఆమె కూడా ఎదిగింది. మాట్సన్‌కు నాలుగు దశాబ్దాలుగా స్థిరపడిన వ్యవస్థ, విజయాలకు అలవాటుపడిన జట్టు అందాయి. ఆమె స్వయంగా ఎంపిక చేసి తీర్చిదిద్దే తరమే ఆ నియామకానికి అసలు పరీక్ష.

5. ముగింపు

యాపిల్‌బీ ఆటను పరిచయం చేసింది. షెల్టన్ జట్టును సంస్థగా నిలబెట్టింది. మాట్సన్ ఆ వారసత్వాన్ని అందుకుంది. ఈ వృత్తి ఉపాధ్యాయిని చేతిలో మొదలై, విజయాలే కొలమానమైన పదవిగా మారింది. అయినా బాగా ఆడటం వేరు, మరొకరిచేత బాగా ఆడించడం వేరు. ఆ రెండింటి మధ్య దూరాన్ని దాటించేది బోధనే. గెలుపు ఎంత ముఖ్యమైనా, ఈ వృత్తికి యాపిల్‌బీ వేసిన ఉపాధ్యాయ పునాది నేటికీ అవసరమే.