ఇరవైకి ఇరవై ప్రూఫ్‌లే

1875లో ఫిలడెల్ఫియా టంకశాల మూడు డాలర్ల బంగారు నాణేలు ఇరవై మాత్రమే కొట్టినట్టు లెక్క రాసుకుంది. బజారులో ఖర్చుకని ఒక్కటీ కొట్టలేదు. ఇరవైకి ఇరవై ప్రూఫ్‌లే, అంటే సేకరించేవాళ్ల కోసం ప్రత్యేకంగా తీసినవి. ఉద్యోగం కోసం ఫిలడెల్ఫియా పక్కకు వచ్చి స్థిరపడ్డాక నన్ను పట్టుకుని వదలనివి ఈ ప్రూఫ్‌లే.

వీటిని తీయడం ఓపికతో కూడిన పని. అచ్చుదిమ్మె చదునుకు అద్దంలా మెరుగు పెట్టేవారు. బంగారు బిళ్ళకూ మెరుగు పెట్టి, ఒక్కొక్కటే ప్రెస్సులో ఉంచి, మామూలు నాణెం కన్నా గట్టిగా అదిమేవారు. మంచి ప్రూఫ్‌ను దీపం కింద కాస్త వాలుగా పట్టుకుంటే చదును నల్లగా కనిపిస్తుంది, దాని మీద లిబర్టీ దేవత ముఖం పచ్చగా, మంచు పట్టినట్టు తేలుతుంది. వేలానికి ముందు నాణేలను చూడనిచ్చే రోజుల్లో నేను వెళ్లేది ఆ ఒక్క దృశ్యం కోసమే.

1850ల చివర్లో, జేమ్స్ రాస్ స్నోడెన్ టంకశాల డైరెక్టరుగా ఉన్నప్పుడు, ప్రూఫ్‌ల అమ్మకం ఊపందుకుంది. వెండివి కొన్నంతమంది బంగారువి కొనలేదు. 1, 2.50, 3, 5, 10, 20 డాలర్ల నాణేలు ఆరూ తీసుకుంటే ముఖవిలువే నలభై ఒకటిన్నర డాలర్లు. కూలీకి రోజుకు డాలరో, డాలరున్నరో గిట్టే కాలమది. అమ్ముడుపోనివి టంకశాలే కరిగించేది. కొన్నవాళ్లు కూడా చేతిలో డబ్బాడనప్పుడు ఖర్చు పెట్టేశారు. ఫిలడెల్ఫియా 1883లో 92, 1884లో 71, 1887లో 121 చొప్పున ఇరవై డాలర్ల నాణేలు కొట్టింది, అన్నీ ప్రూఫ్‌లే. ఒక్కోదానిలో మేలిమి బంగారం 30 గ్రాములు. వాటికి నేడు పలికే ధరకూ ఆ తూకానికీ పొంతన లేదు. 1933లో ప్రజల దగ్గరున్న బంగారాన్ని అప్పగించమని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆదేశించినప్పుడు అరుదైన నాణేలకు మినహాయింపు ఇవ్వడం మన అదృష్టం.

మా అమ్మ పండగకు ముందు నగలను కుంకుడు రసంలో నానబెట్టి మెత్తటి బ్రష్షుతో తోమేది. నగకు అది మంచిదే. ప్రూఫ్‌కు మాత్రం చావుదెబ్బ. తొంభై శాతం బంగారం కాబట్టి మెత్తన, ముఖమల్ గుడ్డతో తుడిచినా వెంట్రుకంత గీతలు పడతాయి, అవి ఇక పోవు. నూటయాభై ఏళ్లుగా ఎవరూ శుభ్రం చేయకుండా వదిలేసిన నాణేనికే విలువ. మోసగాళ్లు ఆ గీతల మీద పుట్టీ లాంటిది పూసి దాస్తారు, కొన్నాళ్లకు అది మసకబారి బయటపడుతుంది. భూతద్దంలో చూస్తే చాలా అసలు ప్రూఫ్‌ల చదును మీద నారింజ తొక్క లాంటి సన్నటి ఎగుడుదిగుడులు కనిపిస్తాయి. నేను మొదట వెతికేది వాటినే.

రోచెస్టర్‌లో కోడాక్ ఉద్యోగి జాన్ జే పిట్‌మన్ 1954లో ఇల్లు తాకట్టు పెట్టి కైరో వెళ్లాడు. పదవి పోయిన ఈజిప్టు రాజు ఫరూక్ నాణేలను అక్కడ వేలం వేస్తున్నారు. పిట్‌మన్ పోయాక, 1997లో మొదలైన వేలాల్లో ఆయన సేకరణ మూడు కోట్ల డాలర్లకు పైగా పలికింది. అందరూ ఆ మొత్తం గురించే చెబుతారు. అంతమంది కొనుగోలుదారుల మధ్య 1830ల నాటి బంగారు ప్రూఫ్‌లను గుర్తుపట్టిన ఆయన కన్ను నాకు అంతకన్నా గొప్పగా తోస్తుంది.

అలాంటి కన్ను కావాలంటే ముందు చూడాలి. టంకశాల 1838 నుంచి తన కోసం దాచుకున్న నాణేలు 1923లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి చేరాయి. కొనదలచినవాళ్లకు నేను చెప్పేది 1880ల బంగారు డాలరు. బరువు 1.67 గ్రాములు, 1889తో ఆగిపోయింది. ఆ దశకం చివర్లో ఏడాదికి వెయ్యికి పైగా ప్రూఫ్‌లు కొట్టారు కాబట్టి కొన్ని వేల డాలర్లలో దొరుకుతాయి. నా దగ్గరున్నది 1888ది. అయితే ఆ ఏళ్లలో చలామణికి కొట్టిన డాలర్లు కూడా కొన్ని అద్దంలా మెరుస్తాయి, అమ్మేవాళ్లు వాటినీ ప్రూఫ్‌లనేస్తారు. పీసీజీఎస్, ఎన్‌జీసీ సంస్థల్లో ఏదో ఒకటి పరీక్షించి సీలు వేసిన పెట్టెలో ఉన్నదే కొనండి. కొన్నాక ఆ పెట్టె తెరవకండి.