ఇటలీ చెయ్యి పడ్డ రేకు

స్టాండర్డ్ హెరాల్డ్ కారును చూసిన పెద్దవాళ్ళు ఎవరిని అడిగినా అది ఇంగ్లండు కారనే చెబుతారు. కంపెనీ ఇంగ్లండుదే. మన దేశంలో దాన్ని తయారు చేసింది మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్. కానీ దాని రూపం గీసిన చెయ్యి మాత్రం ఇటలీది. టురిన్ నగరంలో 1921లో పుట్టిన జొవాన్ని మికెలొట్టి 1957లో ఆ కారు బొమ్మ గీశాడు. మొదటి నమూనాను టురిన్‌లోనే విన్యాలె కార్ఖానాలో తయారు చేసి, ఆ ఏడు క్రిస్మస్ ముందురోజుకల్లా ఇంగ్లండుకు అందించారు. 1959లో అది ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో అక్కడి రోడ్డెక్కింది. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ అయింది.

రేకు చూసి ఇలాంటి చెయ్యిని గుర్తుపట్టడం ఒక విద్య. దానికి తగినవాళ్ళు మన ప్రాంతంలో ఉన్నారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల 2016 అక్టోబరు 11 దాకా ఒకే కరీంనగర్ జిల్లాలో ఉండేవి. ఇక్కడి నేత కుటుంబాలు బొంబాయికి, భీవండికి వలస పోయాయి. తర్వాతి తరం గల్ఫ్ బాట పట్టింది. బొంబాయిలో ఫియట్ టాక్సీ ఎక్కినవాళ్ళు, దుబాయ్, షార్జాల్లో డెంటింగ్, పెయింటింగ్ షెడ్లలో పనిచేసి వచ్చినవాళ్ళు ఈ ప్రాంతంలో ఎందరో. కారు రేకును చేత్తో తడిమి దాని సంగతి చెప్పగలిగిన అలాంటి పనివాళ్ళకే ఈ విద్య అందరికన్నా తొందరగా అబ్బుతుంది.

ముందుగా తెలియాల్సింది ఒకటుంది. పాతకాలపు ఖరీదైన కారుకు తయారీదారులు ఇద్దరు. ఇంజను, చాసిస్, చక్రాలు ఒక కంపెనీవి. పైనున్న బాడీ మరొకరి పని. సిరిసిల్లలో బట్ట నేసేది ఒకరైతే కొలతలు తీసి కుట్టేది ఇంకొకరు కదా, అలాగే. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఇందుకు మన కళ్ళముందున్న ఉదాహరణ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో దాన్ని ఆర్డర్ చేశాడు. రోల్స్ రాయిస్ ఇచ్చింది కింది భాగం మాత్రమే. సింహాసనం లాంటి సీటుతో పైభాగం కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. అందుకే ఇలాంటి కారును గుర్తించేటప్పుడు అది ఏ కంపెనీదని అడిగితే సగం జవాబే వస్తుంది. బాడీ ఎవరు కట్టారన్నది మిగతా సగం.

ఇంగ్లండుకు బార్కర్ ఎలాగో ఇటలీకి అలాంటి పేర్లు అరడజను పైగా ఉన్నాయి. టురిన్‌లో బెర్తోనె 1912లో, పినిన్ ఫరీనా 1930లో మొదలయ్యాయి. మిలాన్‌లో జగాతో 1919లో, టూరింగ్ 1926లో వచ్చాయి. గియా, విన్యాలె కూడా టురిన్‌వే. వీళ్ళలో పినిన్ ఫరీనాకు తెలుగు నేలతో ఇప్పుడు ఒక చుట్టరికం ఉంది. జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ నడుపుతున్న మహీంద్రా సంస్థే ఆ ఇటలీ కంపెనీని కొంటున్నట్టు 2015 డిసెంబరులో ప్రకటించి, మరుసటి ఏడు సొంతం చేసుకుంది.

ఇక గుర్తుపట్టడం. అందరూ మొదట చూసేది బిళ్ళ. పక్క రేకు మీద కింది భాగంలో చిన్న బిళ్ళో, వెండిరంగు అక్షరాలో ఉంటాయి. పినిన్ ఫరీనా బిళ్ళలో ఎఫ్ అక్షరం మీద కిరీటం ఉంటుంది. జగాతోకు జడ్ అక్షరం. టూరింగ్ కారైతే బానెట్ మీద సూపర్‌లెజ్జేరా అని రాసి ఉంటుంది. బిళ్ళలో కూడా చదవాల్సింది ఉంటుంది. పినిన్ ఫరీనా కంపెనీ వ్యవస్థాపకుడు బాతిస్తా ఫరీనాను చిన్నప్పటి నుంచి పినిన్ అని పిలిచేవారు. 1961లో ఇటలీ అధ్యక్షుడి ఉత్తర్వుతో ఆయన ఇంటిపేరే పినిన్‌ఫరీనాగా మారింది. కాబట్టి 1955 నాటి కారు మీద రెండు మాటలూ కలిసిపోయి ఒకే మాటగా కనిపిస్తే, ఆ బిళ్ళ తర్వాత ఎవరో బిగించిందేమోనని అనుమానించాలి. ఇలాంటి బిళ్ళలు బజారులో దొరుకుతాయి, రెండు స్క్రూలతో ఏ కారుకైనా అతుక్కుంటాయి. బిళ్ళను మాత్రమే నమ్మి లక్షలు పోయడం తెలివైన పని కాదు.

బిళ్ళ కన్నా రేకు నమ్మదగింది. టూరింగ్ కంపెనీ సూపర్‌లెజ్జేరా పద్ధతిలో సన్నటి ఉక్కు గొట్టాలతో కారు ఆకారంలో పంజరం కట్టి, దాని మీద అల్యూమినియం రేకు తొడిగేవారు. అయస్కాంతం పెడితే ఆ రేకుకు అంటుకోదు. అయితే ఇక్కడే చాలామంది మోసపోతారు. పాత ఫియట్ మీద బొటనవేలంత మందాన లప్పం పెట్టి ఉన్నా అయస్కాంతం అంటుకోదు, ఫైబర్‌కూ అంటుకోదు. అందుకని పైన కాకుండా చక్రం గూటిలోకి చెయ్యి పెట్టి, రేకు వెనకవైపు చూడాలి. అసలైన అల్యూమినియం బాడీలో లోపల గొట్టాలు తగులుతాయి. ఉక్కు, అల్యూమినియం ఒకదానికొకటి ఒరుసుకునే చోట తేమ చేరి తెల్లటి పొడి రాలుతూ ఉంటుంది. ఆ పొడిని చూసి మురికి అనుకుని తుడిచేసేవాళ్ళే ఎక్కువ. నిజానికి కారు కట్టిన పద్ధతి గురించి అది కూడా ఒక సాక్ష్యమే.

తర్వాత టేపు పట్టాలి. కుడి తలుపు వెడల్పు, ఎడమ తలుపు వెడల్పు కొలవాలి. హెడ్‌లైటు నుంచి బానెట్ అంచు దాకా రెండువైపులా కొలవాలి. ప్రెస్సులో అచ్చుపోసిన బాడీ రెండువైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. కొయ్య అచ్చు మీద సుత్తెతో సాగదీసిన రేకులో కొన్ని మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఆ తేడాను లోపమనుకుని సరిచేయించినవాడు కారు విలువను తన చేతులారా తగ్గించుకున్నట్టే.

చివరిగా నంబర్లు. చాసిస్ నంబరు వేరు, బాడీ నంబరు వేరు. బాడీ కట్టినవాళ్ళు తమ సొంత నంబరును బానెట్ లోపలో, తలుపు లోపలి అట్ట వెనకో, సీటు కిందో కొట్టేవారు. అదే అంకె రెండు మూడు చోట్ల కలిసిందంటే ఆ భాగాలు ఒకే కారు కోసం పుట్టాయని అర్థం. ఫియట్, ఆల్ఫా రోమియో, లాన్సియా కార్లకు ఇటలీలోని కంపెనీ రికార్డుల విభాగం చాసిస్ నంబరు చూసి ధ్రువపత్రం ఇస్తుంది. అసలు చాసిస్ మీద కొత్తగా కట్టిన నకలు బాడీలు ప్రపంచమంతటా ఉన్నాయి కాబట్టి ఈ పత్రం లేనిదే పెద్ద కొనుగోలుదారు ముందుకు రాడు. అసలైనదని తేలితే ధర ఎక్కడికి పోతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. టూరింగ్ బాడీ కట్టిన 1939 నాటి ఆల్ఫా రోమియో 8సి 2900బి, 2016లో అమెరికా వేలంలో కోటీ 98 లక్షల డాలర్లు పలికింది.

అంత ఖరీదైన వస్తువుకు, మన ఊళ్ళలో డాక్టర్లూ వకీళ్ళూ నడిపిన ఫియట్‌కు సంబంధమేమిటని అనిపించవచ్చు. సంబంధం గట్టిదే. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ 1951లో ఎనిమిది కార్లను కళాఖండాలుగా ప్రదర్శించింది. వాటిలో ఒకటి పినిన్ ఫరీనా బాడీ కట్టిన చిసితాలియా 202. ఆ మోడల్ కారు ఇప్పుడు అదే మ్యూజియం శాశ్వత సేకరణలో ఉంది. దాని ఇంజను మూలం ఫియట్ 1100. సిలిండరు వ్యాసం 68 మిల్లీమీటర్లు, స్ట్రోకు 75, మొత్తం 1089 సీసీ. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ తయారు చేసిన ఫియట్‌లోనూ, 1974 నుంచి పద్మిని అని పేరు మార్చుకున్న అదే కారులోనూ ఇవే కొలతలు. 2023 అక్టోబరు చివర్లో బొంబాయి రోడ్ల మీద నుంచి సెలవు తీసుకున్న చివరి పద్మిని టాక్సీది కూడా ఈ వంశమే. పద్మిని బాడీ అచ్చు పోసిందే, చేత్తో కట్టింది కాదు. అది అరుదైన కారు అని చెబితే అబద్ధమవుతుంది. కానీ తొలినాటి ఫియట్ 1100 కనిపిస్తే మాత్రం ఒక నిమిషం ఆగి చూడాలి. దాని ముందు తలుపుల కీళ్ళు వెనకవైపు ఉంటాయి, తలుపు వెనక్కి తెరుచుకుంటుంది.

ఈ ప్రాంతంలో వెతికితే దొరికే అవకాశం ఉన్న అసలైన ఇటలీ గుర్తు మళ్ళీ హెరాల్డే. దాన్ని గుర్తించడం తేలిక. బానెట్ ఒక్కటే లేవదు. ముందు మడ్‌గార్డులతో సహా కారు ముఖమంతా ముందుకు వాలుతుంది, ఇంజను చుట్టూ నిలబడి పనిచేసుకోవచ్చు. పైకప్పుతో సహా ప్రతి రేకూ బోల్టులతో విడిగా ఊడివస్తుంది. ఇలా చేయడానికి ఒక కారణముంది. అప్పటిదాకా స్టాండర్డ్ కంపెనీకి బాడీలు సరఫరా చేసిన ఫిషర్ అండ్ లడ్లో పోటీ కంపెనీ చేతిలోకి పోయింది. వేర్వేరు కార్ఖానాల నుంచి ముక్కలు తెప్పించి బిగించుకోక తప్పలేదు. స్టీరింగు పూర్తిగా తిప్పితే 25 అడుగుల వెడల్పులో కారు చుట్టు తిరిగిపోతుంది. జాకీ ఎత్తినప్పుడు వెనక చక్రాల కిందిభాగాలు లోపలికి ముడుచుకుంటే అది స్వింగ్ యాక్సిల్ ఉన్న హెరాల్డ్. ముడుచుకోకుండా నిటారుగా ఉండి, నాలుగు తలుపులుంటే అది చాలావరకు స్టాండర్డ్ గెజెల్. మన మెకానిక్‌లకు స్వింగ్ యాక్సిల్ నచ్చకపోవడంతో దాన్ని మార్చి 1970ల తొలినాళ్ళలో తెచ్చిన మోడల్ అది. 1977లో ఆగిపోయేదాకా తక్కువ సంఖ్యలోనే తయారైంది. నాలుగు తలుపుల హెరాల్డ్ ఒక్క భారతదేశంలోనే పుట్టింది. ఇంగ్లండులో కూడా పుట్టని బండి ఇక్కడ ఏ చింతచెట్టు కిందో తుప్పు పట్టడం బాధాకరం.

చట్టం కూడా ఇప్పుడు ఇలాంటి కార్ల పక్షానే ఉంది. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన కారును వింటేజ్ వాహనంగా నమోదు చేయించవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు. పదేళ్ళు చెల్లుతుంది. నంబరులో రాష్ట్రం పేరు తర్వాత వీఏ అనే అక్షరాలు వస్తాయి. రోజువారీ తిరగడానికి, కిరాయికి పనికిరాదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రం రోడ్డెక్కవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు, చాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. అంటే ముచ్చటపడి పైకప్పు కోయించినా, డీజిల్ ఇంజను దింపినా ఆ అర్హత పోయినట్టే.

కనుక జగిత్యాలలోనైనా, కోరుట్లలోనైనా, సిరిసిల్లలోనైనా ఎవరి పెరట్లోనైనా 50 ఏళ్ళు దాటిన కారు ఉంటే తూకానికి వేయకముందు కొంచెం ఓపిక పట్టండి. ఎక్కడా గీకించకండి, రంగు వేయించకండి. చాసిస్ నంబరు, బానెట్ లోపలి అంకెలు, తలుపు కీళ్ళు, పక్క బిళ్ళ స్పష్టంగా కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. తాతల నాటి పాత ఆర్‌సీ పుస్తకం, బీమా కాగితాలు, ఆ రోజుల్లో కారు పక్కన నిలబడి దిగిన ఫొటో ఉంటే భద్రం చేయండి. ఊడిపోయిన బిళ్ళనూ, విరిగిన పిడినీ కూడా ఒక సంచిలో వేసి ఆ కారులోనే ఉంచండి.