నాన్న ఇచ్చిన డబ్బుకు రుజువేది?

రేపల్లె చుట్టుపక్కల చాలా కుటుంబాల్లో పిల్లల ఇంటికి తొలి సొమ్ము పొలం నుంచే వస్తుంది. కొడుకు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో 80 లక్షల ఫ్లాటు చూసుకుంటాడు. 30 లక్షలు దాటి 75 లక్షల దాకా ఉండే గృహరుణం ఆస్తి విలువలో 80 శాతానికి మించకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. కాబట్టి కనీసం 16 లక్షలు చేతి నుంచి పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు దానికి అదనం. నాన్న అరెకరం అమ్మి ఆ లోటు పూడుస్తాడు. ఆయన ఇచ్చాడని ఊరంతటికీ తెలుసు. రుణమిచ్చే బ్యాంకుకూ, రేపు నోటీసు పంపే ఆదాయపు పన్ను అధికారికీ మాత్రం అది కాగితం మీద కనబడాలి.

పన్ను పడుతుందేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. దగ్గరి బంధువు ఇచ్చిన కానుక ఎంత పెద్దదైనా పుచ్చుకున్నవారికి పన్ను లేదు. తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు, తోబుట్టువులు, అత్తమామలే కాదు, బాబాయి, మేనమామ, మేనత్త, పిన్ని కూడా చట్టం లెక్కలో బంధువులే. ఇందులో ఒక వింత ఉంది. మేనమామ మేనల్లుడికి 10 లక్షలిస్తే పన్ను ఉండదు. అదే మేనల్లుడు మేనమామకు ఇస్తే, ఆ జాబితాలో మేనల్లుడు లేడు గనుక, మొత్తం సొమ్ము మేనమామ ఆదాయంలో కలుస్తుంది. పెదనాన్న కొడుకు ఎంత సొంత అన్నలా మెలిగినా అతనిదీ అదే పరిస్థితి. జాబితాలో లేనివారు ఇచ్చింది ఏడాదిలో 50 వేలు దాటితే అంతటికీ పన్ను కట్టాలి. పెళ్లి సందర్భంగా వచ్చిన కానుకలకు మాత్రం మినహాయింపు ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి గానీ బంధువుల సూత్రం మారలేదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. అధికారి మూడు సంగతులు అడుగుతాడు: ఇచ్చినవారెవరు, వారికి అంత స్తోమత ఉందా, ఇవ్వడం నిజంగా జరిగిందా. తండ్రి ఎవరో ఆధార్, పాన్ చెబుతాయి. ఇచ్చిన సంగతి బ్యాంకు బదిలీ చెబుతుంది. ఎక్కువమంది తడబడేది రెండో ప్రశ్న దగ్గరే. బ్యాంకు ద్వారా వచ్చింది కదా, ఇంకేం కావాలి అనుకుంటే పొరపాటు. విదేశాల నుంచి బ్యాంకుల ద్వారానే వచ్చిన కానుకలను అధికారులు నమ్మకపోతే, 2007లో పి.మోహనకళ కేసులో సుప్రీంకోర్టు అధికారుల వైపే నిలిచింది. వివరణ నిలవని సొమ్ము మీద పన్నును 2016లో, పెద్ద నోట్ల రద్దు తర్వాత, 30 నుంచి 60 శాతానికి పెంచారు; 2026 ఏప్రిల్ నుంచి దాన్ని మళ్లీ 30 శాతానికి తగ్గించారు. సర్‌చార్జి, సెస్సు దానికి అదనం.

కాబట్టి రుజువు పొలం దగ్గర మొదలుకావాలి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. కానీ పన్ను లేదంటే లెక్క అక్కర్లేదని కాదు. పాస్‌పుస్తకం, 1బి, అడంగల్, ధాన్యం కొనుగోలు కేంద్రం నుంచి ఖాతాలో పడిన సొమ్ము, కౌలు పత్రం, పసుపు కొన్న వ్యాపారి ఇచ్చిన పట్టీ వంటివి ఏటికేడు దాచుకున్న రైతు స్తోమత ఎవరూ కాదనలేరు. మన దగ్గర కౌలు చాలావరకు నోటిమాట మీదే నడుస్తుంది, డబ్బు చేతికే వస్తుంది. అదే తర్వాత పిల్లల ఇంటికి అడ్డం పడుతుంది.

పొలం అమ్మితే ఊరి కొలత కూడా చూసుకోవాలి. పట్టణానికి దూరంగా ఉన్న సాగుభూమి అమ్మకం మీద మూలధన లాభాల పన్ను ఉండదు. లక్షలోపు జనాభా ఉన్న రేపల్లె, బాపట్ల పురపాలక హద్దు నుంచి 2 కిలోమీటర్లు దాటాలి. 2011 లెక్కల్లోనే లక్షన్నర దాటిన తెనాలికైతే 6 కిలోమీటర్లు. ఈ దూరాన్ని రోడ్డు మీద కాదు, ఆకాశమార్గాన కొలుస్తారు.

దస్తావేజులో 12 లక్షలు రాసి 30 లక్షలు పుచ్చుకునే అలవాటు ఇక్కడే దెబ్బ కొడుతుంది. మిగతా 18 లక్షలు తండ్రి ఖాతాలో పడినా, కొడుకు ఖాతాలో పడినా, ఆ పొలం దస్తావేజు వాటికి సాక్ష్యం చెప్పదు. నిజంగా భూమి అమ్మిన సొమ్మే అయినా లెక్కకు రాని సొమ్ముగా మారిపోతుంది. స్టాంపు డ్యూటీలో మిగిలిందనుకున్నది ఎంత ఖరీదైన పొదుపో నోటీసు వచ్చాకే తెలుస్తుంది.

నగదు మీదా పట్టు బిగిసింది. 2017 ఏప్రిల్ నుంచి ఒకే సందర్భానికి ఒకరి నుంచి 2 లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే అంతే మొత్తం జరిమానా, అదీ పుచ్చుకున్నవారికే. తండ్రీకొడుకులకు ఇందులో మినహాయింపేమీ రాయలేదు. ఫ్లాటు అడ్వాన్సు కోసం రోజుకు లక్షన్నర చొప్పున వారం పాటు ఇచ్చినా సందర్భం ఒకటే అవుతుంది.

డబ్బు కానుకకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం చరాస్తిని అప్పగిస్తే చాలు. అయినా తేదీ, మొత్తం, బంధుత్వం, చెక్కు లేదా బదిలీ నంబరు, సొమ్ము ఎక్కడిదో రాసి ఇద్దరూ సంతకం చేసిన పత్రం ఒకటి ఉంచుకోవడం మంచిది. తిరిగి ఇవ్వాలన్న ఒప్పందం ఉంటే అది కానుక కాదు, చేబదులు. అలాంటప్పుడు దాన్ని అప్పుగానే రాసుకోవాలి.

డల్లాస్‌లో ఇల్లు కొనే కూతురికి పంపేటప్పుడు ఈ పత్రం మరింత కీలకం. తిరిగి చెల్లించనక్కర్లేదని తండ్రి సంతకం చేసిన లేఖ అక్కడి రుణసంస్థ అడుగుతుంది. ఇక్కడి నుంచి ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం ముందే వసూలు చేస్తుంది. తండ్రికి పన్ను బాకీ లేకపోతే రిటర్ను వేసి ఆ సొమ్ము వెనక్కి తెచ్చుకోవచ్చు. ఏడాదిలో విదేశీ బంధువుల నుంచి వచ్చింది లక్ష డాలర్లు దాటితే కూతురు అక్కడ 3520 నంబరు ఫారం దాఖలు చేయాలి. దాని మీద పన్నేమీ లేదు, కానీ ఫారం ఇవ్వకపోతే నెలకు 5 శాతం చొప్పున, కానుకలో 25 శాతం దాకా జరిమానా పడవచ్చు.