రాత్రికి రాత్రే నారు తెగిపడుతోందా?

దసరా వెళ్ళి, వానలు తగ్గి, చలి మెల్లగా మొదలయ్యే రోజులు పెరటి తోటకు మంచి రోజులు. నిజామాబాద్, బోధన్ వైపు ఇళ్ళల్లో యాసంగి కూరల కోసం టమాట, వంగ, మిర్చి, గోబీ నారు నాటుకునేది అప్పుడే. నాలుగు వారాలు కంటికి రెప్పలా పెంచిన నారును సాయంత్రం పూట నాటి, నీళ్ళు పోసి పడుకుంటాం. తెల్లారి చూస్తే ఏముంది? వరసలో రెండు మూడు మొక్కలు మొదలు దగ్గర కత్తితో కోసినట్టు తెగి పడి ఉంటాయి. మర్నాడు ఇంకో రెండు. కోళ్ళు కెలికాయనో, ఉడత కొరికిందనో అనుకుంటాం. పాపం, చాలాసార్లు ఆ తప్పు వాటిది కాదు.

దొంగ మట్టిలోనే ఉంది

తెగిన మొక్క చుట్టూ జానెడు మేర మట్టిని పాత గరిటెతో రెండంగుళాల లోతు వరకూ మెల్లగా కదపండి. నలుపు, బూడిద కలిసిన రంగులో, జిడ్డుగా, నున్నగా ఉండే లావుపాటి పురుగు కనిపిస్తుంది. ముట్టుకోగానే చుట్ట చుట్టుకుంటుంది. ఇదే మొదలు కత్తిరించే పురుగు. బాగా పెరిగితే రెండంగుళాల దాకా ఉంటుంది.

దీని తల్లి మట్టిరంగు రెక్కల పురుగు. రాత్రిళ్ళు తిరుగుతూ కలుపు మొక్కల ఆకుల కింద, తడి నేల మీద వందల కొద్దీ గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు మొదట ఆకులు గీకి తింటాయి. పెద్దవయ్యాక పగలంతా మట్టిలో దాక్కుని, చీకటి పడ్డాక పైకొచ్చి మొక్కల మొదళ్ళు కొరుకుతాయి. తినేది కొంచెం, పాడుచేసేది ఎక్కువ. ఒక్క పురుగే ఒక్క రాత్రిలో నాలుగైదు మొక్కలు పడగొట్టగలదు. అయితే కాండం ముదిరి పెన్సిలంత లావైతే దాని పళ్ళకు లొంగదు. కాబట్టి మనం కాపలా కాయాల్సింది నాటిన మొదటి రెండు మూడు వారాలే.

పొరపాటు పడకండి

మొక్క తెగకుండా, మొదలు మెత్తబడి నీరుకారినట్టై వాలిపోతే అది నారుకుళ్ళు తెగులు. నీళ్ళు తగ్గించాలి. మొక్క నిలబడే వాడిపోయి, వేర్ల దగ్గర గోధుమరంగు తలతో తెల్లటి పురుగు దొరికితే అది వేరు పురుగు. మెరిసే జిగురు చారలు కనిపిస్తే నత్తల పని. ఇక మక్క చేలల్లో 'కత్తెర పురుగు' అని అందరూ చెప్పుకునేది వేరే పురుగు. అది 2018లో మన దేశంలో మొదటిసారి బయటపడింది. సాధారణంగా మక్క సుడిలో చేరి ఆకులు తింటుంది. దానికి కొట్టే మందు తెచ్చి దీనికి కొట్టకండి.

చేను మందు పెరట్లోకి రానివ్వకండి

వ్యవసాయం ఉన్న ఇళ్ళల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది: "వరికి తెచ్చిన గుళికలు మిగిలినయి కదా, నాలుగు చల్లితే పోతది!" వద్దమ్మా! నాటిన టమాట కాపుకి రావడానికి రెండు నెలలు పడుతుందేమో గానీ, దాని పక్కనే ఉన్న పాలకూర, మెంతికూర, కొత్తిమీర నెల తిరక్కుండానే గిన్నెలోకి వస్తాయి. ఆ మట్టిలోనే పిల్లలు ఆడతారు, కోళ్ళు ఏరుకు తింటాయి. ఒకప్పుడు పురుగుకి బి.హెచ్.సి. పొడి ధారాళంగా చల్లేవారు. ఆ పొడినే 1997లో మన దేశంలో నిషేధించారు. నాలుగు మడుల పెరటికి విషంతో పనిలేదు. చేతులు, టార్చిలైటు చాలు.

ఇలా చేయండి

నాటే ముందు: రెండు వారాల ముందే కలుపంతా పీకి, మడిని లోతుగా తవ్వి ఎండనివ్వండి. పైకొచ్చిన పురుగుల్ని కాకులు, గోరింకలు ఏరేస్తాయి. కోళ్ళుంటే వాటినీ వదలండి. నీళ్ళకు ఇబ్బంది లేకపోతే ఒకసారి మడి నిండా నీళ్ళు పెట్టండి. లోపలి పురుగులు పైకి తేలి పక్షులకు దొరుకుతాయి. చివాకని పచ్చి పేడ మాత్రం వేయకండి.

నాటేటప్పుడు: ప్రతి మొక్కకీ కాగితపు పట్టీ కట్టండి. పాత దినపత్రికను మూడు నాలుగు మడతలు పెట్టి, మూడంగుళాల వెడల్పు పట్టీలు కత్తిరించండి. మొదలు చుట్టూ వదులుగా చుట్టి, అంగుళం మట్టిలోకి, రెండంగుళాలు పైకి ఉండేలా నిలపండి. అడుగు తీసేసిన టీ కాగితపు కప్పు అయినా సరే. ముందు ఆ చోట మట్టి కదిపి పురుగు లేదని చూసుకోండి. లేకపోతే దొంగను లోపల పెట్టి తలుపేసినట్టే!

నాటాక: రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకు టార్చిలైటుతో ఓసారి మడి చుట్టి రండి. కనిపించిన పురుగుల్ని పుల్లతో తీసి సబ్బునీళ్ళలో వేయండి.

తవుడు ముద్దలు: అరకిలో తవుడులో నూరు గ్రాముల బెల్లం, తగినన్ని నీళ్ళు కలిపి ఒక రోజు నాననివ్వండి. సాయంత్రం చిన్న చిన్న ముద్దలుగా వరసల మధ్య పెట్టండి. ఆ తీపి వాసనకు పురుగులు చేరతాయి. రాత్రి వెళ్ళి ఏరేయండి. మిగిలిన ముద్దలు ఉదయమే తీసేయండి, చీమలు పట్టకుండా.

చెరకాకుతో జాగ్రత్త

బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక చుట్టుపక్కల చెరకు బాగా తగ్గిపోయింది. అయినా చెరకు వేసే ఊళ్ళల్లో ఎండాకు తెచ్చి మొక్కల చుట్టూ పరిచే అలవాటు ఉంది. తడి ఆరకుండా అది మంచిదే. కానీ లేత నారు చుట్టూ పరిస్తే పురుగుకి మనమే ఇల్లు కట్టిచ్చినట్టు. కాండం ముదిరేదాకా ఆగండి. ఈలోగా అదే ఆకును సాయంత్రం తడిపి అక్కడక్కడా చిన్న కుప్పలుగా పెట్టండి. తెల్లారి ఎత్తి చూస్తే కింద పురుగులు దాక్కుని ఉంటాయి. ఏరేయండి.

కుండీల్లో పెంచేవాళ్ళకూ ఈ బెడద తప్పదు. చేను మట్టితో, చివికీ చివకని ఎరువుతో పాటు గుడ్లు, పురుగులు మిద్దె ఎక్కుతాయి. మట్టిని పలుచగా పరిచి, ఎండబెట్టి, జల్లించి నింపుకోండి.

పురుగు ఏదో తేల్చుకోలేకపోతే ఒకటి సీసాలో వేసుకుని రుద్రూరు కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి. నాటినప్పుడే ఓ పది మొక్కలు నారుమడిలో అదనంగా ఉంచుకోవడం మరవకండి. ఖాళీ పడిన చోట వెంటనే నాటుకుంటే, వరస నిండుగా ఉంటుంది, సంక్రాంతి నాటికి కూర మన పెరట్లోదే అవుతుంది.