పెన్‌డ్రైవును పెరికివేయరాదు - ఎందువలన?

ఉన్నత పాఠశాలలలో మార్కుల పట్టికలను, ప్రశ్నపత్రములను ఒక కంప్యూటరునుండి మరియొకదానికి చేర్చుటకు పెన్‌డ్రైవును వాడుట నేడు సర్వసాధారణము. పని ముగిసినదని తోచగానే దానిని చటుక్కున లాగివేయుటయు అంతే సాధారణము. తరచు దీనివలన ఏ హానియు కలుగదు. అందుచేతనే ఈ అలవాటు పోదు. కాని ఒకనాడు, ఏడాది పొడుగునను వ్రాసిన మార్కులున్న ఫైలు తెరువబోగా తెరచుకొనదు. అప్పుడు నింద పెన్‌డ్రైవుపై పడును.

ఉత్తరమును తపాలా డబ్బాలో వేసినంతమాత్రమున అది చేరవలసిన వారికి చేరినట్లు కాదు గదా! కంప్యూటరులోని వ్రాతపనియు ఇట్టిదే. దాని లోపలి జ్ఞాపకశక్తి, అనగా ర్యామ్, మిక్కిలి వేగము గలది. పెన్‌డ్రైవు అంత వేగము గలది కాదు. కావున యంత్రము వ్రాయవలసిన దానిని ముందు ర్యామ్‌లో ఉంచుకొని, ‘పని అయినది’ అని మనకు చెప్పి, వీలు చూచుకొని పెన్‌డ్రైవులోనికి పంపును. దీనినే ‘రైట్ క్యాషింగ్’ అందురు. ఈ మధ్యకాలమున డ్రైవును లాగివేసినచో డబ్బాలోని ఉత్తరములు డబ్బాలోనే మిగిలిపోవును.

పెన్‌డ్రైవు నెమ్మదిగా పనిచేయుటకు దాని నిర్మాణమే కారణము. అందులోనిది ఫ్లాష్ మెమరీ. జపాను దేశమున తోషిబా సంస్థలో పనిచేయుచుండిన ఫుజియో మసుఓకా దీనిని కనిపెట్టి 1984లో ప్రకటించెను. ఇందులో వ్రాయుట పుటల చొప్పున, చెరపుట అనేక పుటలు గల దిమ్మెల చొప్పున జరుగును. వ్రాసిన పుటను మరల చెరపనిదే దానిపై వ్రాయ వీలులేదు. ఒక్క మార్కు దిద్దినను లోపల చాల సర్దుబాటు జరుగవలసియుండును.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఏ ఫైలు ఎచ్చట ఉన్నదో తెలుపు విషయసూచిక ప్రతి డ్రైవులోను ఉండును. ఫైలులోని విషయము వ్రాయబడి, సూచిక దిద్దబడకముందే డ్రైవు ఊడినచో, పుస్తకములో అధ్యాయమున్నను దాని జాడ తెలియదు. సూచిక సగము దిద్దబడియుండగా ఊడినచో నష్టము ఆ ఒక్క ఫైలుతో ఆగకపోవచ్చును. ముట్టుకొనని పాత ఫైళ్లును కనబడకుండ పోవచ్చును.

వెడల్పు మూతి గల సాధారణపు యు.ఎస్.బి. ప్లగ్గును పరికించినచో, అంచులనున్న రెండు రేకులు నడిమి రేకులకంటె కొంచెము పొడవుగా నుండును. అంచు రేకులు 5 వోల్టుల విద్యుత్తునకు, నడిమివి సమాచారమునకు. గ్రుచ్చునపుడు విద్యుత్తు ముందు చేరును. లాగునపుడు సమాచార మార్గము ముందు తెగును. ఈ ఏర్పాటు పరికరమును కాపాడును గాని ఫైలును కాదు.

విండోస్ 10లో 2018 నాటి 1809 సంచిక మొదలుకొని, ఎవరును మార్చనియెడల, ‘క్విక్ రిమూవల్’ అను పద్ధతి అమలగును. ఇందులో డ్రైవునకు పోవలసిన వ్రాతను యంత్రము నిలువ ఉంచుకొనదు. అయినను నకలు జరుగుచుండగా లాగినచో ఈ పద్ధతియు కాపాడజాలదు. లినక్స్‌లో నకలు ముగిసినట్లు కనిపించిన పిమ్మట కూడ వ్రాత సాగుచుండవచ్చును.

ఇక, ‘సేఫ్లీ రిమూవ్ హార్డ్‌వేర్’ గుర్తును నొక్కగా ‘ఈ పరికరము వాడుకలో ఉన్నది’ అని యంత్రము మొరాయించుట కలదు. అది మొండితనము కాదు; ఏదో ఒక ప్రోగ్రాము డ్రైవులోని ఫైలును ఇంకను పట్టుకొనియున్నదని అర్థము. ముందు తెరచియున్న పత్రములను, ఆ డ్రైవును చూపు కిటికీలను మూయవలెను. వైరస్ పరీక్ష జరుగుచున్నచో ముగియనీయవలెను. అప్పటికిని వీలుపడనిచో ‘ఈవెంట్ వ్యూయర్’లోని సిస్టమ్ చిట్టాను చూడవలెను. అందు కెర్నెల్-పి.ఎన్.పి. పేర 225 సంఖ్య గల నమోదు ఉన్నచో, అడ్డుపడిన ప్రోగ్రాము పేరు అచ్చటనే దొరకును. ఈ చిట్టా సంగతి తెలియక చాలమంది విసిగి డ్రైవును లాగివేయుదురు. ఏమియు తోచనిచో కంప్యూటరును పూర్తిగా ఆపి, ఆ తరువాత తీయుట మేలు. నిద్రావస్థలో, అనగా ‘స్లీప్’లో, ఉంచి తీయుట దీనికి సమానము కాదు.

డ్రైవుపై మినుకుమినుకుమను దీపమును నమ్మువారు కలరు. దీపము మినుకుచున్నపుడు తీయరాదన్నది నిజమే. కాని అది నిలుకడగా నున్నంతమాత్రమున ర్యామ్‌లో ఏమియు మిగులలేదనుటకు వీలులేదు.

అప్పటికే లాగివేసి, మరల పెట్టినపుడు ‘ఫార్మాట్ చేయవలెనా?’ అని యంత్రము అడిగినచో ‘వద్దు’ అనవలెను. ఆ డ్రైవుపై క్రొత్తగా ఏమియు వ్రాయరాదు. పోయిన ఫైలు ఉన్నచోటనే క్రొత్త వ్రాత పడవచ్చును. చదువ వీలైన ఫైళ్లను ముందు వేరొక చోటికి నకలు చేసికొని, ఆ పిమ్మటనే డ్రైవు ‘ప్రాపర్టీస్’లో ‘టూల్స్’ క్రింద నున్న ‘చెక్’ మీటను నొక్కవలెను.