పరిషత్తు వేదిక నుంచి టీవీ స్కిట్ దాకా

ప్రేక్షకుల ఎదుట ఆడుతూ టెలివిజన్‌కు అందించే చిన్న హాస్య నాటికను తెలుగువారు స్కిట్ అనే పిలుస్తున్నారు. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’ ఈ ప్రక్రియను ఇంటింటికీ చేర్చింది. టీమ్ లీడర్ వెంట కొద్దిమంది నటులు బృందంగా ఏర్పడి, తొలినాళ్లలో సినీనటులు నాగబాబు, రోజా వంటి న్యాయనిర్ణేతల ముందు కొన్ని నిమిషాల కథను ఆడి మార్కులు పొందే ఈ పద్ధతి కొత్తదనిపించవచ్చు గాని, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో నాటక పోటీలు చూసినవారికి ఇది తెలిసిన వరసే. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది తెనాలిలోనే. తరువాతి కాలంలో పలుచోట్ల వెలసిన పరిషత్తులు, అంటే నాటక పోటీలు నిర్వహించే సంస్థలు, నాటికలకు కాలపరిమితి పెట్టి, న్యాయనిర్ణేతలను కూర్చోబెట్టి, ఉత్తమ నటులకు బహుమతులు ఇస్తూ వచ్చాయి.

స్కిట్‌ను సినిమా నటనతో కాక రంగస్థలంతో పోల్చి చూడడమే సరైనది. సినిమాలో తప్పిన సంభాషణకు రీటేక్ ఉంటుంది, అంటే ఆ దృశ్యాన్ని మళ్లీ చిత్రీకరిస్తారు. పైగా చిత్రీకరణ వేళ ప్రేక్షకుడు ఎదురుగా ఉండడు. స్కిట్‌లో నవ్వు అప్పటికప్పుడే వినిపిస్తుంది. నటులు ‘టైమింగ్’ అని పిలిచేది ఇక్కడే తేలుతుంది: నవ్వు పైకి లేస్తున్నప్పుడు తరువాతి మాట అంటే అది ఎవరికీ వినపడదు, పూర్తిగా అణగిపోయాక అంటే ఊపు చల్లారిపోతుంది, కనుక నవ్వు తగ్గుముఖం పట్టిన క్షణాన్ని చెవితో పసిగట్టి పంచ్, అంటే నవ్వు పుట్టించే ముక్తాయింపు మాట, వదలాలి. తెనాలికి చెందిన హాస్యనటుడు ఏవీఎస్ 1993లో ‘మిస్టర్ పెళ్ళాం’తో సినిమాల్లో పేరు తెచ్చుకోకముందే మిమిక్రీ వేదికల మీద ఈ విద్యను సాధన చేశారు.

‘జబర్దస్త్’ను ముందుగా రికార్డు చేసి ప్రసారం చేస్తారు. 1975 నుంచి న్యూయార్క్‌లో శనివారం రాత్రి నడుస్తున్న స్కిట్ల కార్యక్రమం ‘సాటర్‌డే నైట్ లైవ్’ మాత్రం నేరుగా ప్రసారమవుతుంది. చివరి నిమిషం దాకా మాటలు మారుతుంటాయి కనుక, అక్కడ కెమెరా పక్కన పెద్ద అక్షరాల అట్టలు పట్టుకుని నటులకు సంభాషణలు చూపిస్తారు. మన నాటకంలో ఆ పని పక్క తెర చాటున నిలబడే ప్రాంప్టర్‌ది.

వేదిక మీది అనిశ్చితి నుంచే గొప్ప నటులు పుట్టిన సందర్భాలున్నాయి. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావు, చంద్రమతి వేషధారి రాకపోవడంతో ‘హరిశ్చంద్ర’ నాటకంలో ఆ పాత్ర ధరించి రంగప్రవేశం చేశారు. తరువాత తెనాలిలోని రామ విలాస సభ అనే నాటక సమాజంలో చేరి స్త్రీ పాత్రలకు పర్యాయపదమయ్యారు. ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామగా నటిస్తూ, పాత్రకు కావలసిన ‘మీరజాలగలడా’ పాటను తానే చేర్చుకున్నారు. 1956లో పద్మశ్రీ అందుకున్న ఆ నటుడి దృష్టిలో స్త్రీ వేషం ఒక వ్యక్తిత్వ నిర్మాణం. టీవీ స్కిట్లలోని లేడీ గెటప్, అంటే పురుషుడు ధరించే ఆడవేషం, చాలాసార్లు ఎగతాళి దగ్గరే ఆగిపోవడం బాధ కలిగిస్తుంది. ఆ వేషంలో నిలదొక్కుకున్న నటుల నైపుణ్యం తక్కువది కాదు. వారికి తగిన రచనే దొరకడం లేదు. ఇందుకు కారణమూ ఉంది: రంగస్థల నటుడు ఒకే నాటకాన్ని ఊరూరా ఆడుతూ పాత్రను మెరుగుపరచుకునేవాడు, స్కిట్ నటుడికి మాత్రం ప్రతి ఎపిసోడ్‌కూ కొత్త కథ కావాలి, ఒకసారి ప్రసారమైన హాస్యం మళ్లీ పనికిరాదు.